పాత జీపు కొనుట



తోటకు పోవు బాట వానకాలమున బురదగుంటలై ట్రాక్టరు తప్ప మరే బండియు దిగని మెట్టరైతు, పాడేరు చింతపల్లి కొండలమీద కాఫీ పండించి సంతనాటికి బస్తాలను క్రిందికి దింపుకొనవలసిన గిరిజన కుటుంబము, భీమవరము ప్రాంతమున తెల్లవారుజామున చెరువుగట్ల వెంబడి మేతబస్తాలు చేరవేయు రొయ్యలరైతు, ఇవేవియు లేక కేవలము కొండదారుల మీది మోజుతో ఆదివారములందు మారేడుమిల్లి అడవులకు పోవ నుత్సహించు నగరవాసియైన యువకుడు, ఈ నలుగురి అవసరములు నాలుగు విధములైనను, చేతనున్న సొమ్ము క్రొత్తబండికి చాలనప్పుడు నలుగురి చూపును ఒకే చోటికి, అనగా ఏ మెకానిక్కు షెడ్డు ముందరనో వేపచెట్టు నీడను, 'అమ్మబడును' అను అట్టముక్కను అద్దమునకు తగిలించుకొని నిలిచియున్న పాత జీపు వైపునకే మరలుచున్నది.

ఎట్టి నేలమీదనైనను నడచు బండి యనగానే ఈనాటి పిల్లలకు, విశాఖపట్టణపు సముద్రతీరమునను విడిదిగృహముల తోటలలోను అద్దెకు తిరుగు, మోటారుసైకిలు హ్యాండిలును లావుపాటి మెత్తని టైర్లును గల చిన్నబండి జ్ఞప్తికి రావచ్చును. జపాను దేశపు హోండావారు 1970లో మూడు చక్రములతో దానిని అమెరికాలో అమ్మకమునకు పెట్టిరి. అవి బోల్తాపడి బాలురు గాయపడుచున్నారని గొడవ రేగగా, 1988లో అక్కడి ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని కంపెనీలవారు మూడు చక్రముల బండ్ల నమ్ముట మానుకొనిరి. అమెరికాలో పొలమో స్థలమో కొనుక్కొన్న మన పిల్లలకు అట్టి పాతబండి ఎంత చౌకగా వచ్చినను దానిని ముట్టకుండుట మేలు. మన దేశమున మాత్రము ఈ హ్యాండిలు బండ్లకు సామాన్యముగా రోడ్డుమీద తిరుగుటకు నంబరు దొరకదు. తోటలో పుట్టి తోటలోనే గిట్టవలెను. కావున ఈ పూట నేను ప్రస్తావింపబోవునది జీపు సంగతి మాత్రమే.

పాత జీపు కొని చేయి కాల్చుకొనుట మనకు క్రొత్త కాదు. స్వతంత్ర భారత ప్రభుత్వమే ఆ దారిని మొదట నడచినది. 1948లో కాశ్మీరమున యుద్ధము సాగుచుండగా సైన్యమునకు జీపులు కావలసివచ్చి, లండనులో మన హైకమిషనరుగా నుండిన కృష్ణమేనన్ గారు, మరమ్మతు చేసిన పాత జీపుల కొరకు ఒక విదేశీసంస్థతో ఒప్పందము చేసికొనిరి. చేరవచ్చిన 155 జీపులును పనికిరానివని తేలెను. పార్లమెంటులో దుమారము చెలరేగెను. మన తిరుపతి ప్రాంతమువారైన అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన విచారణ సంఘము కూర్చుండెను. తుదకు 1955లో ఆ వ్యవహారము ముగిసినదని ప్రభుత్వము ప్రకటించి చేతులు కడుగుకొనెను. అందలి రాజకీయముతో మనకిప్పుడు పనిలేదు. 'మరమ్మతు చేసిన బండి' అను ఒక్కమాట ఎంతటివారిచేతనైనను సంతకము పెట్టింపగలదనుటకు అంతకన్న పెద్ద దృష్టాంతము మాత్రము నాకు దొరకలేదు.

నా అభిప్రాయమున, పాత జీపు కొనువారిలో నూటికి తొంబదిమంది చూచు వరుసయే తలక్రిందులుగా నున్నది. మొదట రంగు చూతురు. పిమ్మట టైర్లు, సీట్లు. ఆ వెనుక బానెట్టు ఎత్తించి ఇంజను వినుదురు. తీరిక చిక్కినచో వంగి చట్రమువైపు ఒక చూపు విసరుదురు. బేరము కుదిరి అడ్వాన్సు చేతులు మారిన పిదప గాని కాగితముల మాట తలపెట్టరు. ఎడ్లసంతలో మన తాతలు ఇట్లు బేరము చేసినవారు కారు. వారు పండ్లు పట్టి చూచి, సుడులు పరీక్షించి, గిట్టలు తట్టి, నాలుగడుగులు నడిపించి, ఆ పిమ్మటనే తుండుగుడ్డ క్రింద చేయి చేర్చెడివారు. జీపు విషయమున కాగితము మొదటను, చట్రము తరువాతను, ముందటి చక్రములకు బలము నిచ్చు గేరు ఆపైనను, ఇంజను అన్నిటికిని కడపటను చూడవలయును. ఏలయనగా, ఇంజను చెడినచో విప్పి బోరు చేయింపవచ్చును, కాదన్న మరియొక ఇంజనే దొరకును. చట్రము పుచ్చినచో బండి మొత్తము విప్పవలసియుండును. కాగితము చెడినచో ఏ మేస్త్రియు బాగుచేయలేడు.

కాగితములనగా ముఖ్యముగా ఆర్.సి. పుస్తకము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత వాడుక బండికి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆ గడువు దాటిన బండికి తనిఖీ చేయించి, అయిదేసి యేండ్ల చొప్పున పొడిగించుకొనుచుండవలెను. మనము మాటలాడుచున్న జీపులలో అనేకములు ఈ పదునైదేండ్ల గీటును ఎప్పుడో దాటినవే గనుక, చివరి పొడిగింపు ఎప్పుడు జరిగినది, మరల ఎప్పటికి ముగియును, ఫిట్నెసు, బీమా, గ్రీన్ టాక్సు బాకీలు ఏమైన కలవా అను సంగతి ముందుగా తెలిసికొనవలెను. "ఆర్.సి. ల్యాప్సయింది గానీ ఏం ఫరవాలేదండీ, ఏజెంటుకిస్తే వారంలో చేయించేస్తాడు" అని అమ్మువాడు తేలికగా అనినచో, ఆ వారమేదో తామే ఆగి చేయించి యిచ్చిన పిదప సొమ్ము పుచ్చుకొనుడని మర్యాదగా చెప్పవచ్చును. అంత తేలికపని ఆయన ఇన్నాళ్లు ఏల చేయింపలేదో అప్పుడు బయటపడును. పరరాష్ట్రపు బండియైనచో అక్కడి కార్యాలయమునుండి అభ్యంతరము లేదను పత్రము తేవలెను; ఇక్కడ జీవితకాలపు పన్ను మరల కట్టవలెను. పంజాబు బండి చౌక యనుకొన్నవారు ఈ రెండు ఖర్చులను కలిపి చూచుకొన్న పిదప తరచుగా మౌనము వహింతురు.

ఇక రవాణా కార్యాలయమున చేయు ఒక చిన్నపనిని కొనువాడే ముందుగా చేసికొనవచ్చును. చట్రముమీద, చాలవరకు ముందటి చక్రపు సమీపమున, అక్కడి యినుమునందే పోతపోసినట్లు గుద్దిన నంబరొకటి యుండును. గ్రీజును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నంబరుమీద పలుచని తెల్లకాగితమును పరచి, మెత్తని పెన్సిలును పడుకోబెట్టి రుద్దినచో అక్షరములు తెల్లగా తేలి వచ్చును. ఆ కాగితమును ఆర్.సి. ప్రక్కన పెట్టి ఒక్కొక్క అంకెనే చూడుడు. అంకెలన్నియు ఒకే లోతున, ఒకే అచ్చున, ఒకే వరుసలో నుండవలయును. ఒక అంకె పైకి లేచినను, ఒకటి క్రిందికి దిగినను, నంబరు చుట్టు ఇనుము ఆకురాయి పెట్టినట్లు నునుపుగా నున్నను, అచ్చటనే బేరము చాలించుట మంచిది. ఇంజను నంబరునకును ఇదే పరీక్ష. పెట్రోలు జీపులో డీజిలు ఇంజను దింపుట మనవైపున ఒకనాడు సర్వసామాన్యముగా జరిగినది. దింపుట తప్పు కాదు గాని, ఆ మార్పునకు అధికారుల అనుమతి పొంది ఆర్.సి.లో ఎక్కింపకపోవుట తప్పు. చట్టములోని 52వ సెక్షను దీనిని గూర్చియే చెప్పుచున్నది.

ఈ సందర్భమున హర్యానాలోని మండీ డబ్వాలీ పట్టణమును తలపకుండుట సాధ్యము కాదు. పాత జీపులను విప్పి, క్రొత్తగా బిగించి, వెడల్పు టైర్లు, మెరుపు దీపములు తొడిగి దేశమంతటికి పంపు వర్క్‌షాపులకు ఆ ఊరు ప్రసిద్ధము. పనివాండ్ర నేర్పును నేను కాదనను. ఆ పెండ్లికొడుకు వేషమును చూచి మన యువకులు ముగ్ధులగుట సహజమే. అయితే ఏ ముప్పదియేండ్లనాటి జీపు పేరనో ఉన్న ఆర్.సి.తో, నిన్న మొన్న అతికిన చట్రము మీద నడచు బండి చట్టముదృష్టిలో ఆ ముప్పదియేండ్లనాటి జీపు కాదు. ప్రమాదము జరిగిననాడు బీమావారు అడుగు మొదటి ప్రశ్న దీపములను గూర్చి కాదు, చట్రమును గూర్చియే.

వేలముపాట జీపుల సంగతి వేరు. 1952లో గాంధీజయంతినాడు సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైనది మొదలు, బ్లాకు ఆఫీసు జీపు, సమితి జీపు, తహశీల్దారు జీపు, మలేరియావారి జీపు మన పల్లెలకు పరిచయమైనవి. ప్రభుత్వము వారి రాక యనగా జీపు లేపిన దుమ్మే. ఆ బండ్లు కాలము తీరిన పిమ్మట కార్యాలయ ప్రాంగణములలో చింతచెట్ల క్రింద కొన్నేండ్లు పడియుండి, తరువాత వేలమునకు వచ్చెడివి. అవి కొన్నవారికి ఒక లాభముండెడిది: మొదటి యజమాని ఎవరను సందేహము లేదు. 2023 ఏప్రిలు ఒకటవ తేదీ నుండి పదునైదేండ్లు దాటిన ప్రభుత్వ వాహనములకు రిజిస్ట్రేషను పొడిగింపు లేదని నియమము వచ్చుటతో ఆ మార్గము దాదాపు మూతపడినది. కావున నేడెవడైనను "గవర్నమెంటు వేలంలో పాడుకున్న బండి" అని చెప్పినచో, ఏ యేట పాడుకొన్నాడు, అమ్మకపు ఉత్తరువు ఏది యని అడుగుట అవసరము. సైన్యమువారి బండికైనను ఇంతే. బండి మీద పచ్చరంగు ఎవరైనను పూయవచ్చును. విడుదల ఉత్తరువు మాత్రము వారే ఇయ్యవలెను.

కాగితము సరిపడినదనుకొందము. ఇప్పుడు పాత చొక్కా తొడిగికొని, చేత ఒక చిన్న సుత్తియు టార్చిలైటును పట్టుకొని, బండి క్రింద వెల్లకిల పండుకొనవలెను. దీనికి సిగ్గుపడువాడు జీపు కొనరాదు. పైన కనబడు రేకు వట్టి అంగరకా. దానిని లప్పము పెట్టి, రంగు కొట్టి మూడుదినములలో క్రొత్తది చేయుదురు. బరువంతయు మోయునవి, ముందునుండి వెనుకవరకు సాగిన రెండు ఉక్కుదూలములును, వానిని కలుపు అడ్డుపట్టీలును. సుత్తితో మెల్లగా తట్టుచు పోయినచో మంచి యినుము కంగుమని పలుకును. త్రుప్పుతిన్న చోట ధ్వని చచ్చి, టప్పుమని మాత్రము వినబడి, పొరలు రాలును. ఎక్కడెక్కడ తట్టవలెనన్నచో, కమానుపట్టీలను చట్రమునకు బిగించిన కొక్కెముల మొదళ్లలోను, వెనుక కొక్కెము పట్టీ మూలలలోను, బాడీని బోల్టులతో కూర్చోబెట్టిన చోట్లను. బురద చేరి, ఎండక, ఏండ్ల తరబడి తడిగా నుండునవి ఈ స్థలములే. పాత పెట్రోలు జీపులలో డ్రైవరు సీటు క్రిందనే పెట్రోలు టాంకి యుండును. సీటెత్తి ఆ గుంటను, ప్రక్కనే డ్రైవరు పాదము లానెడి నేలరేకును తప్పక చూడుడు. రబ్బరు చాప క్రింద నేలరేకునకు బదులు మరియొక చాప కనబడిన సందర్భములును కలవు.

దూలముమీద అతుకు కనబడిన మాత్రమున బెదరనక్కరలేదు. అడవిబాటల తిరిగిన జీపుకు ఎక్కడనో ఒక బీట పడుటయు, దానిని లోపలినుండి పట్టీ వేసి అతుకుటయు వింత కాదు. అతుకు చుట్టు రంగు పాతబడి, అతుకుగీత నిలుకడగా, ఏకధారగా సాగియుండినచో అది నిజాయితీగల మరమ్మతు. చట్రమంతటికి దట్టముగా నల్లతారు పూసి, ఆ తారుమీద దుమ్ముకూడ ఇంకను పట్టకుండినచో, ఆ నలుపు ఏదో దాచుచున్నదని శంకింపవలెను. అట్లే, ఇరువదియేండ్ల డీజిలు జీపు క్రింద ఒక్క చమురుచుక్కయు లేక పొడిపొడిగా నున్నచో సంతసింపకుడు. నిన్న సాయంకాలము డీజిలుతో కడిగియుందురు. నాలుగు మైళ్లు తోలి వచ్చి మరల క్రింద చూడుడు. గేరుపెట్టెనుండి చెమ్మ పట్టుట వయోధర్మము, ధారగా కారుట రోగము.

బండి ఎక్కడ బ్రతికినదో కూడ ఇచ్చటనే తెలియును. సముద్రపు గాలియు చెరువుల ఉప్పునీరును తగిలిన కోస్తా జీపు పైకెంత మెరిసినను క్రింద పొరలు లేచియుండును. వానలు తక్కువైన అనంతపురము జిల్లా జీపునకు రంగు వెలసిపోయినను ఇనుము గట్టిగా నుండుట నేను తరచు గమనించితిని. మన్యము జీపునకు త్రుప్పుకన్న మోత యెక్కువ. సంతనాడు లోపల పదిమందియు, వెనుక నిలుచుండి అయిదుగురును, పైన బస్తాలును ఎక్కిన బండ్లవి. వానిలో కమానుపట్టీలు వంపు కోల్పోయి తిన్నబడియుండును, బ్రేకు డ్రమ్ములు అరిగి గాడిపడియుండును. అనుకూలములన్నియు ఒకేచోట దొరకవు. త్రుప్పుకన్న అరుగుదల నయమని మాత్రము చెప్పగలను, అరిగిన భాగమును మార్చవచ్చును గనుక.

ఇప్పుడు ముందటి గేరు. ఇది చెప్పకున్న ఈ ప్రసంగమునకు అర్థమే లేదు. జీపు ఆకారమున నున్నదెల్ల నాలుగు చక్రములతో లాగు బండి కాదు. మహీంద్రావారి కమాండరు, మేజరు మొదలైన పేర్లతో వచ్చినవానిలో వెనుకచక్రములు మాత్రమే తిరుగునవి వేనవేలు కలవు. పట్టణములలో, ప్రయాణీకుల సర్వీసులలో తిరుగుటకు అంతకన్న అవసరములేక అవి అట్లే కొనబడినవి. వానిని బురదచేనిలో దింపినచో అంబాసిడరుకారుకు పట్టిన గతియే పట్టును. ముందు ఇరుసు మధ్య గుమ్మడికాయంత ఉబ్బు గలదా, దానిలోనికి గేరుపెట్టెనుండి షాఫ్టు వచ్చుచున్నదా, లోపల పెద్దగేరు ప్రక్కన చిన్న లివరు అదనముగా నున్నదా అని చూచుట నిమిషము పని. ఉన్నంతమాత్రమున చాలదు, పనిచేయవలెను. దున్నిన పొలములోనో ఇసుకవాగులోనో దింపి, ఆ గేరు వేయించి తోలించుడు. తారురోడ్డుమీద వేసి చూపించుదునని అమ్మువాడనినచో వలదనుడు. గట్టినేలమీద ముందు వెనుక చక్రములు సర్దుకొను వీలులేక, షాఫ్టులు మెలిబడి పళ్లకు చేటు కలుగును. మెత్తని నేలమీద ఇరువైపులకు స్టీరింగు పూర్తిగా త్రిప్పి మెల్లగా పోనిచ్చునప్పుడు ముందుచక్రముల వద్ద టకటకమను మోత వినిపించినచో, లోపలి జాయింట్లు అరిగినవని అర్థము. జాకీ ఎత్తి, చక్రమును పైనను క్రిందను పట్టి కుదిపినచో కింగుపిన్ను బేరింగుల ఆట చేతికి తెలియును. నలుబదిమైళ్ల వేగమున స్టీరింగు గిలగిల కొట్టుకొను జీపుల వ్యాధి చాలవరకు ఇక్కడనే పుట్టుచున్నది.

ఇంజను మాట సంగ్రహముగా చెప్పెదను. బండి చూడబోవునప్పుడు ముందుగా కబురు చేయక పొండు. చేసినచో, మీరు చేరునప్పటికి ఇంజను వేడెక్కి యుండును. బానెట్టుమీద చేయి పెట్టి చల్లగా నున్నదని నిశ్చయించుకొని, చల్లని ఇంజనునే స్టార్టు చేయించుడు. పాత డీజిలు ఇంజనులకు హీటరుప్లగ్గులు కాగువరకు కొన్ని సెకనులు ఆగుట ధర్మమే; ఆ పిమ్మటను సెల్ఫు నిమిషముసేపు మూలిగినను అంటుకొనకున్నచో పంపు గాని కంప్రెషను గాని పడిపోయినది. నీలిపొగ చమురు కాలుచున్నదనుటకును, నల్లపొగ డీజిలు సరిగా మండుట లేదనుటకును గుర్తు. వేడెక్కినను వీడని తెల్లపొగ నీరు లోనికి చేరుచున్నదేమోనను అనుమానమునకు చోటిచ్చును. తరువాత ఇంజను నడుచుచుండగా చమురుపోయు మూత తీసి అరచేయి అడ్డుపెట్టుడు. మన మేస్త్రీలు బ్యాక్ కంప్రెషను అనునది ఇదే. గాలి కొద్దిగా తగిలిన సరే. గుప్పుగుప్పున పొగయు చమురుతుంపరయు అరచేతిని కొట్టినచో ఇంజను బోరుకు వచ్చినది. వచ్చినను కంగారుపడక, ఆ ఖర్చును బేరమున తగ్గించుకొనుడు. కిలోమీటర్ల మీటరును మాత్రము చూడనే వలదు. పాత జీపులో అది సాధారణముగా తిరుగదు. తిరిగినను త్రిప్పబడినదై యుండవచ్చును.

ఏ మోడలు నమ్మదగినదని తరచుగా అడుగుదురు. ఈ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పువారిని నేను నమ్మను. అయినను తరములవారీగా కొంత చెప్పవచ్చును. 1941 మొదలు 1945 వరకు అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరులక్షలకు పైగా చేసిన యుద్ధకాలపు జీపులలో అరువది గుఱ్ఱముల బలము గల పెట్రోలు ఇంజను, ఆరువోల్టుల కరెంటు. అవి నేడు ముచ్చటకు కొనవలసినవేగాని మోతకు కావు. వానిలో అసలు భాగములెన్ని మిగిలినవను దానిమీద విలువ ఆధారపడును గనుక, పనికొరకు కొనువాడు ఆ ధర పెట్టుట అనవసరము. మహీంద్రావారు 1947 నుండి బొంబాయిలో విల్లీసు జీపులను బిగింప నారంభించి, పిమ్మట ఇచ్చటనే తయారుచేయసాగిరి. ఎత్తైన బానెట్టుగల సి.జె.3బి. మోడలు అమెరికాలో 1953లో పుట్టి 1968లో ముగిసినను, మన దేశమున దాని సంతతి అటు తరువాత దశాబ్దముల పాటు వర్ధిల్లెను. దానిలోని హరికేను పెట్రోలు ఇంజను మొండిది, సరళమైనది. పెట్రోలు మాత్రము దాహము తీర త్రాగును.

ఆ దాహమునకు వెరచియే డీజిలు వచ్చినది. మొదట ట్రాక్టరు వంశపు ఇంటర్నేషనలు ఇంజను. వేగములేదు, విసుగును లేదు, ఒడలెల్ల కుదిపివైచును. 1980ల నుండి 2112 సి.సి. ప్యూజో ఇంజను. ఎం.ఎం.540 అను జీపు దీనితోనే పేరు పొందినది. నన్నడిగినచో, పనికొరకు కొను రైతునకు, ముందటి గేరు గల ఎం.ఎం.540 చక్కనిది దొరికినచో అంతకన్న వెదకనక్కరలేదందును. దాని బలహీనతలు దాగియుండవు: నీరు తగ్గి కాగినచో హెడ్డు గాస్కెటు పోవును, కుదుపునకు బోల్టులు వదులగును, చమురు చెమర్చును. కాని ఇవన్నియు ముందుగా చప్పుడుచేసియో చినుకు రాల్చియో చెప్పి వచ్చు జబ్బులు.

మారుతీవారి జిప్సీ 1985 డిసెంబరులో 970 సి.సి. పెట్రోలు ఇంజనుతో వెలువడి, 1996లో 1298 సి.సి. ఇంజను నొంది, 2000లో ఆధునికమైన పెట్రోలు ఇంజెక్షనుకు మారినది. తేలికైనది, ఇసుకలో జింకవలె పోవును. ఇంజను నిశ్చింత, రేకును చట్రమును త్రుప్పుకు చిక్కును, వెనుక కూర్చున్నవాని వెన్ను సంగతి వానినే అడుగవలెను. పెట్రోలు ఖర్చు భరింపగలవానికి, ముఖ్యముగా ఇంజెక్షను వచ్చిన తరువాతి జిప్సీ, మంచి కొనుగోలే. 2010లో వచ్చిన మొదటి తరపు థార్లలో కామన్‌రైలు డీజిలు గలవానికి బలము బాగుగ నున్నది. సెన్సరు చెడినచో కొండమీది మేస్త్రి చేతులెత్తును, కంప్యూటరు గల చోటికి మోయించుకొని రావలసివచ్చును.

జబల్‌పూరులోని సైనిక వాహనాల ఫ్యాక్టరీలో 1999 వరకు తయారైన జోంగా ఇందుకు విపరీతోదాహరణ. నిస్సానువారి నమూనా, ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. దానంత గట్టి బండి మన దేశమున మరియొకటి పుట్టెనో లేదో. అరుదుగా చెడును, చెడినప్పుడు మాత్రము విడిభాగము దొరకక నెలల తరబడి షెడ్డులో పడియుండును. నెలకొకమారు ఆగి గంటలో కదలు ఎం.ఎం.540ను నమ్ముకొని కోత బస్తాలను సంతకు చేర్చవచ్చును. ఏడాదికొకమారు ఆగి మూడుమాసములు కదలని బండిని నమ్ముకొని చేర్చలేము. పాతబండి యెడ నమ్మకమనునది ఎంత అరుదుగా చెడునను దానిలో సగము, ఎంత త్వరగా లేచునను దానిలో సగము ఉన్నదని నేను చెప్పుట ఇందుకొరకే. కొనబోవు మోడలు పేరు చెప్పి, మీ ఊరి మేస్త్రిని "క్లచ్చుప్లేటు, వాటరుపంపు, క్రాసులు ఎక్కడ దొరకును, ఎన్నాళ్లలో వచ్చును" అని అడుగుడు. విజయవాడ ఆటోనగరులో పూటలో తెత్తుననిన అది మీ బండి. "ఢిల్లీకి చెప్పి తెప్పించాలండీ" అనినచో ఆలోచింపవలసినదే.

కడపట ఒక సలహా. యజమానితో మాటలాడినంతసేపు ఆ బండి తోలిన డ్రైవరుతో మాటలాడుడు. టీ త్రాగుచు, "బాబాయ్, ఘాటులో దిగేటప్పుడు ఏ గేరులో దింపుతావు?" అని ఊరక అడుగుడు. "రెండులోనే బాబూ, మూడులో పెడితే గేరు ఊడొచ్చేస్తది, చెయ్యేసి పట్టుకోవాలి" అని ఆయన నిర్మలముగా సెలవిచ్చినచో, యజమాని అరగంటలో చెప్పనిది మీకు అరనిమిషములో దక్కినది.

బేరము కుదిరిననాడు డెలివరీ నోటుపై తేదీతోపాటు గంటయు నిమిషమును వ్రాయించి ఇరువురు సంతకములు చేయుడు, ఆర్.సి. మార్పునకు 29, 30 నంబరు ఫారములమీదను, అప్పు తీరిన బండియైనచో 35వ దానిమీదను అప్పుడే సంతకములు తీసికొనుడు. బీమాను పదునాలుగు దినములలోపల మీపేర మార్పించుకొనుడు. ఇంటికి తెచ్చిన మరునాడు ఇంజను, గేరుపెట్టె, ముందు వెనుక ఇరుసులలోని నూనెలన్నియు పారబోసి క్రొత్తవి నింపించి, గ్రీజు నిపిళ్లన్నిటికి గన్ను పెట్టించి, బ్రేకు పైపులను, రబ్బరులను మార్పించుడు. చాల పాత జీపులలో నాలుగు చక్రముల బ్రేకులకును ఒకే గొట్టపు వరుస. ఒకచోట పగిలినచో నాలుగును ఒక్కమారే పోవును. ఆ పని ముగియువరకు బండిని ఘాటురోడ్డు ఎక్కింపకుడు.